అణగారిన వర్గాలు: అణచింది ఎవరో చెప్పని మాటలు

తెలుగు పత్రికల్లో, సభల్లో, ప్రభుత్వ ప్రకటనల్లో తరచుగా కనిపించే మాట ‘అణగారిన వర్గాలు’. వాడేవాళ్లు సానుభూతితోనే వాడతారు. అయినా ఆ మాటలో ఒక చిక్కు ఉంది. తెలుగులో అణగడం వేరు, అణచడం వేరు. నాలుగు చినుకులు పడితే దుమ్ము అణుగుతుంది. తిరగబడ్డ రైతుల్ని పోలీసులు అణచివేస్తారు. మొదటిది దానంతట అది జరిగే పని, రెండోదానికి చేసేవాడు ఉండాలి. ‘అణగారిన’ మొదటి కోవకు చెందిన మాట. కొన్ని కులాలు, కొందరు మనుషులు కాలక్రమంలో వాళ్లంతట వాళ్లే కిందికి దిగిపోయారన్నట్టు అది వినిపిస్తుంది. ఎవరి కాలు ఎవరి మెడ మీద ఉందో అందులో కనబడదు.

ఇది ఒక్క మాటతో ఆగదు. వెనుకబడిన తరగతులు, చితికిపోయిన రైతు, నలిగిపోయిన కార్మికుడు, నష్టపోయిన కౌలుదారు, మోసపోయిన ఖాతాదారులు. ‘పడు’, ‘పోవు’ చేరిన ఈ మాటలన్నిటిలో బాధ పడినవాళ్లు ఉన్నారు, బాధ పెట్టినవాళ్లు లేరు. ‘మోసపోయాడు’లో నొప్పి మరీ ఎక్కువ. ఆ మాట వినగానే ముందు తట్టేది మోసం చేసినవాడి దుర్మార్గం కంటే మోసపోయినవాడి తెలివితక్కువతనం. చీటీ డబ్బులు ఎగ్గొట్టి ఒకడు ఊరు దాటిపోతే, ‘అంత నమ్మి ఎందుకు కట్టారమ్మా’ అని కట్టినవాళ్లనే నలుగురూ నిలదీస్తారు.

రాసేవాళ్ల ఉద్దేశం చెడ్డదేమీ కాదు. తెలుగుకు ‘బడు’ ప్రయోగం సహజం కాదు. ‘అణచబడిన’, ‘దోచుకోబడిన’ అని రాస్తే పాఠ్యపుస్తకం వాసన వస్తుంది, నోటికి పట్టదు. దాన్ని తప్పించుకోబోయి ‘అణగారిన’ దగ్గర ఆగిపోతారు. ‘అణచివేతకు గురైన’ అంటే కొంత మెరుగు, కనీసం అక్కడ అణచివేత అనే పని ఉందని తెలుస్తుంది. నిజానికి తెలుగులో ఇంతకంటే సూటైన దారి ఉంది. ‘భూమి లాక్కున్న రైతు’ అని మాత్రమే రాస్తే లాక్కున్నది రైతా, పోగొట్టుకున్నది రైతా అన్నది తేలదు. తేలాలంటే ‘కంపెనీ భూమి లాక్కున్న రైతు’ అని కర్తను పక్కన నిలబెట్టక తప్పదు. వాక్యం స్పష్టంగా ఉండాలంటే చేసినవాడి పేరు రాయమని భాషే అడుగుతోంది.

సంస్కృతం నుంచి వచ్చిన మాటల సంగతి వేరు. పీడితుడు, బాధితుడు, వంచితుడు, దళితుడు, బహిష్కృతుడు. ఈ మాటల పుట్టుకలోనే చేసినవాడున్నాడు: ఎవరో పీడించారు, ఎవరో వంచించారు, ఎవరో వెలివేశారు. వాడుకలో అన్నిటికీ ఆ పదును మిగల్లేదు. వరద బాధితులు, క్యాన్సర్ బాధితులు, యాసిడ్ దాడి బాధితురాలు, అగ్నిప్రమాద బాధితులు అంటూ ఒకే మాటను అన్నిచోట్లా వాడడంతో, దేవుడు చేసినదానికీ మనిషి చేసినదానికీ మధ్య గీత చెరిగిపోయింది. ‘పీడిత’ ఇంకా కొంత నిలబడింది. వామపక్ష సభల్లో ‘పీడిత తాడిత ప్రజలు’ అన్నప్పుడు పీడించేవాళ్లు, తన్నేవాళ్లు వేదిక మీద లేకపోయినా వాక్యంలో ఉంటారు.

రాజ్యాంగంలోని రెండో సగం

‘బలహీన వర్గాలు’ అనే మాటకు మూలం రాజ్యాంగం 46వ అధికరణం. ప్రజల్లోని బలహీన వర్గాల, ముఖ్యంగా షెడ్యూల్డ్ కులాల, తెగల విద్యా, ఆర్థిక ప్రయోజనాలను రాజ్యం ప్రత్యేక శ్రద్ధతో పెంపొందించాలని అది చెబుతుంది. అయితే వాక్యం అక్కడితో ముగియదు. సామాజిక అన్యాయం నుంచి, అన్ని రకాల దోపిడీ నుంచి వాళ్లను కాపాడాలని కూడా అదే వాక్యం ఆదేశిస్తుంది. మొదటి సగంలో బలహీనత ఉంది, రెండో సగంలో ఆ బలహీనతకు కారణం ఉంది. రాజకీయ తెలుగు మొదటి సగాన్ని తీసుకుని ‘బడుగు బలహీన వర్గాలు’ అని అలంకరించి, రెండో సగాన్ని వదిలేసింది. బలహీనులకు కావాల్సింది సాయం. దోపిడీకి గురైనవాళ్లకు కావాల్సింది దోపిడీ ఆగడం. ఈ రెండూ ఒకటి కావు. పింఛను, బియ్యం, ఇంటి స్థలం మొదటి మాటకు జవాబులు. కూలి రేటు, భూమి హక్కు, కేసు నమోదు రెండోదానికి జవాబులు. ఏ మాట ఎక్కువగా వినిపిస్తే బడ్జెట్ లెక్కలూ అటే నడుస్తాయి.

పేరు మార్చి దాచిన వెట్టి

తెలంగాణ పల్లెల్లో దొరల కాలంలో మనిషిని మనిషి ఎలా వాడుకున్నాడో చెప్పడానికి ఒక్క ‘వెట్టి’ చాలు. కూలి లేకుండా, కాదనే వీల్లేకుండా చేసే చాకిరి. కుమ్మరి కుండలివ్వాలి, చాకలి బట్టలుతకాలి, మాదిగ చెప్పులు కుట్టాలి, గ్రామ సేవకులు సామాన్లు మోయాలి. ‘నీ బాంచన్, కాల్మొక్త’ అనేది అక్కడ పలకరింపు. బాంచన్ అంటే బానిస. ఒక మనిషి తనను తాను ఆ పేరుతో పిలుచుకుంటే తప్ప ఎదుటివాడితో మాట మొదలుపెట్టలేని పరిస్థితి అది. గడీల్లో దొరల కూతుళ్లకు పెళ్లయి అత్తారింటికి వెళ్తుంటే వెంట పంపే ఆడపిల్లల్ని ‘ఆడబాప’ అనేవారు. వినడానికి చుట్టరికంలా ఉంటుంది, అనుభవంలో బానిసత్వం. 1946 జులై 4న కడవెండిలో దొడ్డి కొమరయ్య తుపాకీ గుండుకు బలి కావడంతో ఊపందుకున్న రైతాంగ పోరాటం, భూమితోపాటు ఈ ‘బాంచన్’ను కూడా జనం నోటి నుంచి తీసేయడానికి చేసిన పోరాటం.

వెట్టి పేరు చెడ్డదైపోయాక అదే పని వేరే పేర్లతో బతికింది. జీతగాడు, పాలేరు, నిజాం ఇలాకాలో భాగేలా. అప్పు తీసుకుని, అది తీరేదాకా ఏడాదికేడాది రైతింట్లో పనికి కట్టుబడిన మనిషికి ఇవన్నీ పేర్లే. ‘జీతం ఉన్నాడు’ అంటే వినేవాళ్లకు ఉద్యోగం అనిపిస్తుంది. ఆ జీతం ఎప్పుడో తిన్న అప్పులోకి జమ అయిపోయిందనీ, తండ్రి అప్పుకు కొడుకు పశువులు కాస్తున్నాడనీ ఆ మాట చెప్పదు.

ఇక్కడ చట్టం చేసిన పని చాలామంది గమనించనిది. 1975 అక్టోబరులో ఆర్డినెన్సుగా వచ్చి, 1976లో చట్టమైన వెట్టిచాకిరి నిర్మూలన చట్టం, ‘వెట్టి’ అనే ఒక్క మాట మీద ఆధారపడలేదు. దేశం నలుమూలలా ఈ పద్ధతికి ఉన్న స్థానిక పేర్లను వరసగా చెప్పింది. ఆ పట్టికలో భాగేలా ఉంది, జీత ఉంది, పాలేరు ఉంది, వెట్టి ఉంది. ఆ పేర్లతో పిలిచే పద్ధతుల్లో బలవంతపు చాకిరి ఒప్పందం ఉన్నట్టే మామూలుగా భావించాలని చెప్పింది. అంతేకాదు, అది వెట్టి అప్పు కాదని నిరూపించుకునే బాధ్యత అప్పిచ్చినవాడి మీదే పెట్టింది. ‘మా దగ్గర వెట్టి ఎక్కడిదండీ, వాడు మా జీతగాడు’ అనే సమాధానం చెల్లకుండా చేయడానికి ఇది మంచి ఉపాయం. మాటల వెనక దాక్కునే వీలుందని తెలిసినవాళ్లు రాసిన చట్టం అది.

1982లో సుప్రీంకోర్టు ఇంకో అడుగు వేసింది. ఢిల్లీలో ఏషియాడ్ (ఆసియా క్రీడల) నిర్మాణ పనుల్లో కూలీలకు చట్టం చెప్పిన కనీస వేతనం కూడా అందలేదన్న కేసులో, కనీస వేతనం కంటే తక్కువకు పని చేయించుకోవడం కూడా రాజ్యాంగం 23వ అధికరణం నిషేధించిన బలవంతపు చాకిరి కిందికే వస్తుందని తీర్పు చెప్పింది. కొరడా, సంకెళ్లు ఉంటేనే బలవంతం అనుకోనక్కర్లేదు, ఆకలి కూడా బలవంతం చేస్తుందని ఆ తీర్పు సారం. ఈ లెక్కన చూస్తే మన ఊళ్లలో ‘కూలి తక్కువిస్తున్నారు’ అని తేలిగ్గా చెప్పుకునే చాలా పనులకు అసలు పేరు వేరే ఉంది.

రంగారెడ్డి జిల్లాలో 1990ల్లో శాంతా సిన్హా నాయకత్వంలో ఎం.వి. ఫౌండేషన్ చేసిన పని కూడా ఒక నిర్వచనంతోనే మొదలైంది. ఇంట్లో చెల్లెల్ని ఎత్తుకున్న పిల్ల, మేకలు కాసే పిల్లవాడు, పొలంలో అమ్మ వెనక నడిచే బిడ్డ, వీళ్లెవరూ లెక్కల్లో బాల కార్మికులు కారు. ‘ఇంటి పనికి సాయం’ అని రాసుకుంటారు. బడి బయట ఉన్న ప్రతి పిల్లా బాల కార్మికురాలే అని ఆ సంస్థ తేల్చి చెప్పింది. ఆ మాట మారగానే ఊళ్లో చేయవలసిన పని మారింది. అప్పటిదాకా పేదరికం కిందికి వచ్చిన విషయం, పిల్లల్ని బడిలో చేర్చుకోని వ్యవస్థ తప్పు కిందికి వచ్చింది.

పంచమ నుంచి మాదిగ దాకా

అన్యాయానికి గురైన మనుషులకు పెట్టిన పేర్ల చరిత్ర అంతా ఒక్కచోట చూడాలంటే అంటరానితనం మోపిన కులాల పేర్లను చూస్తే చాలు. నూరేళ్లలో ఇన్నిసార్లు పేరు మారిన జనం అరుదు. ప్రతి మార్పు వెనకా ఒక వాదన ఉంది.

1917లో బెజవాడలో ‘ఆంధ్రదేశ పంచమ మహాసభ’ పేరుతో ఒక సమావేశం ఏర్పాటైంది. అధ్యక్షుడు హైదరాబాదు నుంచి వచ్చిన భాగ్యరెడ్డి వర్మ. ఆయన ఆ పేరుకే అభ్యంతరం చెప్పారు. నాలుగు వర్ణాల అవతల ఐదోవాళ్లుగా తమను లెక్కపెట్టడమేమిటి, ఈ నేలకు మొదటివాళ్లం తామేనని వాదించారు. సభ పేరు ఆది ఆంధ్ర మహాసభగా మారింది. 1922లో మద్రాసు ప్రభుత్వం కూడా రికార్డుల్లో పంచమ, పరయ అనే మాటలకు బదులు ఆది ఆంధ్ర, ఆది ద్రావిడ అని రాయాలని ఉత్తర్విచ్చింది. ఆ మార్పులో ఉన్న ఆత్మగౌరవం గొప్పది. ‘ఐదోవాడు’ అన్నది పక్కవాడు లెక్కపెట్టి ఇచ్చిన స్థానం, ‘ఆది’ అన్నది తాము చెప్పుకున్న చరిత్ర.

అంబేద్కర్ 1924లో స్థాపించిన సంస్థ పేరు బహిష్కృత హితకారిణి సభ. బహిష్కృతులు అనే మాటకు తోడు ఇంకో వివరణ అక్కర్లేదు. వెలి వేసినవాళ్లు ఉంటేనే వెలి పడినవాళ్లు ఉంటారు. 1930ల మొదట్లో గాంధీ ‘హరిజన’ అనే మాటను ప్రచారంలోకి తెచ్చారు, 1933లో ఆ పేరుతో పత్రిక పెట్టారు. ఉద్దేశం దయ. కానీ ఆ మాటలో దేవుడున్నాడు, అంటరానితనం పాటించినవాడు లేడు. 1938 జనవరిలో బొంబాయి శాసనసభలో ఒక బిల్లులో ఆ మాట చేర్చడాన్ని నిరసిస్తూ అంబేద్కర్, ఆయన పార్టీ సభ్యులు సభ నుంచి బయటికి నడిచారు. ఏ పేరుతో పిలవాలో తమను అడగాలన్నది వాళ్ల డిమాండు. 1982లో కేంద్ర ప్రభుత్వం కుల ధ్రువపత్రాల్లో ‘హరిజన’ అని రాయకూడదని చెప్పింది. అయినా ‘హరిజనవాడ’ అన్న మాట తెలుగు ఊళ్లలో దారి చెప్పేటప్పుడు ఇప్పటికీ వినిపిస్తుంది. ప్రభుత్వం మాట మార్చింది, ఊరి చివర ఉన్న వాడ మాత్రం ఊరి చివరే ఉంది.

‘దళిత’ అంటే చీల్చిన, నలిపిన అని అర్థం. 1972లో బొంబాయిలో దళిత్ పాంథర్స్ ఏర్పడినప్పుడు ఆ మాట ఆగ్రహంతో బయటికి వచ్చింది. తెలుగునాట దానికి బలం తెచ్చింది కారంచేడు. 1985 జులై 17న అక్కడ ఆరుగురు మాదిగల్ని ఊరి భూస్వాములు చంపారు. బతికి బయటపడినవాళ్లు చీరాల చేరారు. కత్తి పద్మారావు, బొజ్జా తారకం తదితరుల నాయకత్వంలో దళిత మహాసభ ఏర్పడింది. అంతకు ముందు ‘హరిజనులపై దాడి’ అని రాసే అలవాటున్న పత్రికలు క్రమంగా ‘దళితుల ఊచకోత’ అని రాయడం మొదలుపెట్టాయి. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిది మంది దళితుల్ని చంపేనాటికి ఆ మాట ఉద్యమంలో స్థిరపడింది. 2018లో కేంద్ర సమాచార ప్రసార శాఖ మీడియా సంస్థలకు ‘దళిత’ బదులు ‘షెడ్యూల్డ్ కులాలు’ అని వాడితే మంచిదని సలహా పంపింది. షెడ్యూల్డ్ అంటే పట్టికలో చేర్చిన అని. రిజర్వేషన్‌కు ఆ మాట కావాల్సిందే, కానీ పట్టికలో ఎందుకు చేర్చాల్సి వచ్చిందో అది చెప్పదు. రెండు మాటలకూ రెండు పనులున్నాయి. ఒకదాని స్థానంలో మరొకటి పెట్టమనడం అన్యాయం.

అయితే కథ ‘దళిత’తో ముగియలేదు, ఇది తెలుగు ప్రాంతం ప్రత్యేకత. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుమూడిలో మాదిగ దండోరా ఉద్యమం మొదలైంది. మంద కృష్ణ మాదిగ, ఆయన సహచరులు తిట్టుగా వాడే కులం పేరునే తమ పేరు చివర పెట్టుకున్నారు. ‘రెడ్డి’, ‘శర్మ’ ఎలా పెట్టుకుంటారో అలాగే ‘మాదిగ’. ‘దళిత’ అనే మాట బయటి అన్యాయాన్ని ఎత్తి చూపింది, లోపల రిజర్వేషన్ ఫలాలు ఎవరికి అందాయి, ఎవరికి అందలేదన్న ప్రశ్నను మాత్రం కప్పేసింది. ఆ కప్పు తీయడానికి పాత పేరే పనికొచ్చింది. 2004లో సుప్రీంకోర్టు షెడ్యూల్డ్ కులాల రిజర్వేషన్‌ను గ్రూపులుగా విడదీసే వర్గీకరణ చట్టాన్ని కొట్టేసింది. 2024 ఆగస్టు 1న ఏడుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ తీర్పును పక్కన పెట్టి రాష్ట్రాలు ఉపవర్గీకరణ చేయవచ్చని చెప్పింది. 2025లో తెలంగాణ, ఆంధ్రప్రదేశ్ రెండూ మూడు గ్రూపులుగా వర్గీకరణ అమలులోకి తెచ్చాయి. మాలల వైపు నుంచి దీని మీద బలమైన అభ్యంతరాలు ఉన్నాయి, ఆ చర్చ వేరే వ్యాసానికి సరిపోయేంత పెద్దది. ఇక్కడికి కావాల్సింది ఇంతే: పీడితుల కోసం వాడే పెద్ద మాట ఎంత న్యాయమైనదైనా, దాని లోపల ఇంకా చిన్న గొంతులు ఉంటాయి.

రికార్డులో ఏమని రాస్తే అంత

పై పేర్లు గౌరవానికి సంబంధించినవైతే, ఆఫీసు ఫైళ్లలో పేర్లు నేరుగా డబ్బుకు సంబంధించినవి. 1894 నాటి భూసేకరణ చట్టం ప్రకారం ప్రాజెక్టు కింద భూమి పోతే పరిహారం ప్రధానంగా భూమి యజమానికే. ఆ భూమిలో కలుపు తీసి బతికే కూలి మనిషికి చట్టంలో చోటే లేదు. 2013 చట్టం ‘ప్రభావిత కుటుంబం’ అనే మాటను విస్తరించింది. సేకరణకు ముందు మూడేళ్లుగా ఆ భూమి మీద ఆధారపడి బతికిన కూలీలు, కౌలుదార్లు, చేతివృత్తులవాళ్లు కూడా అందులోకి వచ్చారు. పెద్దవాళ్లైన ఆడపిల్లలు, మగపిల్లలు పెళ్లి కాకపోయినా వేరే కుటుంబంగా లెక్కకు వస్తారు. పోలవరం ముంపు మండలాల్లో ఇప్పుడు అందరి నోటా వినిపించే మాట ‘పీడీఎఫ్’, అంటే ప్రాజెక్టు వల్ల ఊరు వదలాల్సిన కుటుంబం. జాబితాలో ఆ మూడక్షరాలుంటే కాలనీలో ఇల్లు, ప్యాకేజీ. లేకపోతే లేదు. పైగా 41.15 మీటర్ల కాంటూరు (నీటిమట్టం ఎత్తును చూపే గీత) లోపలివాళ్లు ముందు, 45.72 వరకు ఉన్నవాళ్లు తర్వాత. గోదావరికి వరద వచ్చినప్పుడు నీళ్లు కాంటూరు చూసి ఆగవు, రెండో జాబితా వాళ్ల ఇళ్లలోకీ వస్తాయి. ఆ వారం వాళ్లు ‘వరద బాధితులు’. నిర్వాసితులు మాత్రం కారు.

కౌలు రైతు గోడు ఇంకా ఘోరం. అప్పుల బాధతో ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబాలకు 2004లో అప్పటి ఉమ్మడి రాష్ట్ర ప్రభుత్వం జీవో 421 ద్వారా లక్షన్నర రూపాయల సాయం ప్రకటించింది. ఆర్డీవో, డీఎస్పీ, వ్యవసాయ అధికారి ఉండే త్రిసభ్య కమిటీ విచారించి, అది సాగు అప్పుల వల్ల జరిగిన మరణమేనని తేల్చాలి. పట్టాదారు పాస్‌బుక్ లేని మనిషి, వడ్డీ వ్యాపారి దగ్గర నోటు రాసి అప్పు తెచ్చిన మనిషి తాను రైతునని చచ్చాక కూడా నిరూపించుకోవాల్సిన దుస్థితి ఇక్కడ వస్తుంది. 2014 నుంచి జాతీయ నేర రికార్డుల బ్యూరో లెక్కల్లో సాగుదారులు ఒక గడి, వ్యవసాయ కూలీలు ఇంకో గడి. ఊళ్లో అందరూ రైతు అన్న మనిషి, కాగితంలో కూలీగా తేలితే రైతు ఆత్మహత్యల సంఖ్య ఆ మేరకు తగ్గుతుంది. కష్టం తగ్గలేదు, గడి మారింది.

మురుగు కాలువల్లో దిగి చనిపోయే మనుషుల విషయంలో మాటల పని మరీ దారుణం. 2013లోనే వచ్చిన మరో చట్టం చేతులతో మలం ఎత్తే పనిని నిషేధించింది. ఆ పనివాళ్ల నిర్వచనంలోనే ఒక మినహాయింపు ఉంది: ప్రభుత్వం చెప్పిన రక్షణ పరికరాలతో చేస్తే ఆ మనిషి ఈ నిర్వచనంలోకి రాడు. సెప్టిక్ ట్యాంకులు, మురుగు కాలువల్లో దిగడాన్ని ‘ప్రమాదకర శుభ్రత’ అని విడిగా చెప్పింది. ఫలితంగా, చేతులతో మలం ఎత్తే పనివల్ల చనిపోయినట్టు సమాచారం లేదని కేంద్రం పార్లమెంటులో చెప్పగలిగింది. మ్యాన్‌హోళ్లలో చనిపోయినవాళ్ల లెక్క వేరే పేరు కింద వేరే కాగితంలో ఉంది. కోలార్ బంగారు గనుల ప్రాంతంలో తెలుగు మాట్లాడే సఫాయి కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, సఫాయి కర్మచారి ఆందోళన్ తరఫున దశాబ్దాలుగా ఈ మాటల తెరను చింపుతూనే ఉన్నారు. 2014లో సుప్రీంకోర్టు మురుగు కాలువ మరణానికి 10 లక్షలు, 2023లో 30 లక్షలు ఇవ్వాలని ఆదేశించింది. పత్రికలు మాత్రం ‘విషవాయువు పీల్చి ఇద్దరు మృతి’ అనే రాస్తాయి. వాయువు వాళ్లను లోపలికి దింపలేదు. కాంట్రాక్టరు దింపాడు.

ఆడవాళ్ల మీద పడిన మాటలు

పాత తెలుగు వార్తల్లో ‘మానభంగం’ అని రాసేవారు. నేరం చేసింది మగవాడు, భంగమైంది ఆడమనిషి మానం. శిక్ష సగం ఆ మాటే వేసేది. ‘అత్యాచారం’ అనడం మొదలుపెట్టాక దృష్టి చేసిన పని మీదికి మళ్లింది, అది మేలు. కానీ దాని వల్ల మరో చోట తికమక వచ్చింది. 1989 నాటి ఎస్సీ, ఎస్టీ చట్టాన్ని తెలుగులో ‘అత్యాచారాల నిరోధక చట్టం’ అంటారు. కులం పేరుతో తిట్టడం, భూమి ఆక్రమించడం, దారి మూసేయడం లాంటివన్నీ ఆ చట్టంలో నేరాలే. ‘అత్యాచారం’ అనగానే జనం లైంగిక నేరమనే అనుకుంటారు, కాబట్టి మిగతా నేరాలకు ఈ చట్టం వర్తిస్తుందని చాలామందికి తెలియదు. అందుకే ఊళ్లలో దాన్ని ‘అట్రాసిటీ కేసు’ అనే పిలుస్తారు. ఇంగ్లిషు మాటే ఇక్కడ జనానికి ఎక్కువ ఉపయోగపడుతోంది.

జోగిని, బసివి, మాతమ్మ అనే పేర్ల గురించి వేరే చెప్పాలి. తెలంగాణలో ఒక పేరు, రాయలసీమలో ఒకటి, చిత్తూరు వైపు మరొకటి. దేవుడితో పెళ్లి పేరుతో దళిత బాలికల్ని ఊరి పెద్దమనుషుల పాలు చేసిన ఆచారం అది. పేరులో దేవతలున్నారు, ఊరి పెద్దలు లేరు. 1988 చట్టం దీన్ని నిషేధించింది.

జీతం కాని జీతం, క్షమాభిక్ష

1975లో ఐసీడీఎస్ (సమగ్ర శిశు అభివృద్ధి పథకం) మొదలైనప్పటి నుంచి అంగన్‌వాడీ టీచర్లకు ఇచ్చేదాన్ని ‘గౌరవ వేతనం’ అంటున్నారు. గౌరవం అనే ఆ ఒక్క మాట వాళ్లను ఉద్యోగుల లెక్కలోంచి తప్పించింది. ఉద్యోగి కాకపోతే కనీస వేతనం లేదు, పింఛను లేదు. 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు వాళ్లు గ్రాట్యుటీకి అర్హులేనని, ఆ గౌరవ వేతనం కూడా వేతనమేనని తేల్చింది. 2023 డిసెంబరు నుంచి ఆంధ్రప్రదేశ్‌లో అంగన్‌వాడీలు దీర్ఘకాలం సమ్మె చేస్తే, ప్రభుత్వం వాళ్ల మీద అత్యవసర సేవల్లో సమ్మెను నిషేధించే ఎస్మా చట్టాన్ని ప్రయోగించింది. ఉద్యోగులు కానివాళ్ల సేవ ఆగితే మాత్రం అది అత్యవసర సేవ అయింది. నగరాల్లో బండి మీద అన్నం తెచ్చే కుర్రాళ్లను కంపెనీలు ‘పార్ట్‌నర్’ అంటున్నాయి. భాగస్వామికి లాభంలో వాటా ఉంటుంది, వీళ్లకు పెట్రోలు ఖర్చూ యాక్సిడెంటు టెన్షనూ ఉన్నాయి.

జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్ వైపు గల్ఫ్ కుటుంబాల్లో ‘ఖల్లివల్లి’ అనే మాట తెలియనివాళ్లుండరు. పోనీలే, వదిలెయ్ అనే అరబ్బీ పలుకు అది. కఫీల్ (వీసా ఇచ్చి పనికి రప్పించిన యజమాని) దగ్గర నుంచి బయటికి వచ్చి, కాగితాలు లేకుండా పని చేసుకునే మనిషిని ‘ఖల్లివల్లి అయ్యిండు’ అంటారు. నెలల తరబడి జీతం ఇవ్వని, పాస్‌పోర్టు లాక్కున్న యజమాని దగ్గర నుంచి బయటపడినా, సౌదీ రికార్డులో అతను ‘హురూబ్’, అంటే పారిపోయినవాడు. జీతం ఎగ్గొట్టిన యజమాని ఫిర్యాదుదారు అవుతాడు, జీతం రాని కార్మికుడు నేరస్థుడవుతాడు. ఆ తర్వాత ఏ దేశమో గడువు ప్రకటిస్తే తెలుగు పత్రికలు ‘క్షమాభిక్ష’ అని శీర్షిక పెడతాయి. క్షమించేదెవరు, భిక్ష ఎవరికి? రావలసిన జీతం వదులుకుని, విమానం ఎక్కడానికి అనుమతి పొందడం అది. ‘జరిమానా లేకుండా తిరిగొచ్చే గడువు’ అని రాస్తే అక్షరాలు పెరుగుతాయి, కానీ కార్మికుడి తల వంచాల్సిన పని ఉండదు.

సోమవారం కలెక్టరేట్లలో అర్జీలు ఇచ్చే జనం కాగితాల్లో ఎక్కువగా రాయించుకునే వాక్యం ‘నాకు అన్యాయం జరిగినది, న్యాయం చేయగలరు’. అర్జీ రాసిపెట్టేవాళ్లకు అలవాటైన వాక్యం అది. ఆ కాగితం తహసీల్దారుకు, అక్కడి నుంచి ఊరి రెవెన్యూ ఉద్యోగికి వెళ్లి ‘విచారించి తగు చర్య నిమిత్తం’ అనే ముద్రతో తిరుగుతూ ఉంటుంది, ఎందుకంటే ఎవరి మీద చర్యో అందులో లేదు. అదే అర్జీలో ఫలానా సర్వే నంబరులో ఇన్ని సెంట్లు, ఫలానా మనిషి, ఫలానా తేదీన కంచె వేశాడు, అడిగితే కులం పేరుతో తిట్టాడు, విన్నవాళ్లు వీళ్లు అని రాస్తే అది ఒక నేరం గురించిన సమాచారం అవుతుంది. ఎస్సీ, ఎస్టీ చట్టానికి 2018లో చేసిన సవరణ తర్వాత అలాంటి ఫిర్యాదు మీద ఎఫ్‌ఐఆర్ కట్టడానికి ముందుగా ప్రాథమిక విచారణ అక్కర్లేదు. అర్జీ రాసిపెట్టే ప్రతి ఒక్కరూ, సంఘం నాయకుడైనా కోర్టు దగ్గర టైపిస్టయినా, ‘జరిగినది’ అని రాయబోయే ముందు ‘చేసింది ఎవరమ్మా’ అని అడిగి ఆ పేరు రాయాలి.